అన్నీ ఫోన్‌లోనే ఉన్నప్పుడు అచ్చు పుస్తకంతో ఇంకా పనేంటి?

చాలా పనుందండీ. పుస్తకాలు, పేపర్లు, నోట్సులు అన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి కదా, ఇంకా అచ్చువేసినవి ఎవరికి కావాలి అని అడిగారు. దొరకడం వేరు, మన దగ్గర ఉండడం వేరు. ఈ ప్రశ్న ఎప్పుడొచ్చినా కొత్త పుస్తకం వాసన గురించి, పేజీ తిప్పితే వచ్చే చప్పుడు గురించి రాసేవాళ్ళు చాలామంది ఉంటారు, నాకు ఆ వాసనతో పెద్ద పట్టింపు లేదు. నేను డబ్బులు పెట్టి కొనుక్కున్న పుస్తకం నిన్న వదిలిన చోటే, నిన్న ఎలా ఉందో అలాగే, నేను గీసిన గీతలతో సహా ఉండాలి, నాకు కావాల్సిందల్లా అదే.

ఆఫీసులో ప్రమోషన్ పరీక్ష రాయాల్సొచ్చినప్పుడు సిలబస్‌లో ఒక ఆడిట్ పుస్తకం ఉండేది, చాలా లావు. బ్యాగులో పెట్టుకుని తిరగడం కష్టమని ఒక రీడింగ్ యాప్‌లో కొన్నాను. బస్సులో, లంచ్ టైమ్‌లో, బాబు పడుకున్నాక లైటు ఆర్పేసి పక్కనే కూర్చుని, ఎక్కడ కుదిరితే అక్కడ చదివాను. ముఖ్యమైన లైన్లకి పసుపు రంగు, డౌట్లకి ఎరుపు, ఏ రూల్‌ని ఏ రూల్‌తో కలిపి చూడాలో పక్కనే చిన్న చిన్న నోట్స్, ఇలా పుస్తకం మొత్తం నింపేశాను. పరీక్ష దగ్గర పడ్డాక ఒకరోజు యాప్ తెరిస్తే, మా సేవలు ఆపేస్తున్నాం, మీరు కట్టిన డబ్బు వెనక్కి వేస్తాం అని మెసేజ్. సరే, పుస్తకమైతే ఇంకోచోట కొనుక్కుంటాం, మరి నా నోట్స్ సంగతేంటని కస్టమర్ కేర్‌కి రాశాను. వాటిని బయటికి తీసే వీలు లేదని రెండు లైన్ల జవాబు పంపి ఊరుకున్నారు. డబ్బు అన్నమాట ప్రకారం వేశారు, కానీ నిద్ర మానుకుని చేసిన పనికి ఎవరు లెక్క కడతారు?

మా సెక్షన్‌లో సీనియర్ మేడమ్ ఒకావిడ ఈ సంగతి విని మర్నాడు తన పాత పుస్తకం తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. "తీసుకెళ్ళమ్మా, పెన్నుతో మాత్రం రాయకు, పెన్సిల్‌తో గీసుకో, నీ తర్వాత ఇంకొకళ్ళకి పనికొస్తుంది" అంది. అట్ట ఊడిపోతే టేపు వేసి ఉంది. లోపల చూస్తే రెండు రకాల చేతిరాతలు, ఒకటి ఆవిడది, ఇంకోటి ఆవిడకి ఆ పుస్తకం ఇచ్చినవాళ్ళదట. ఒకచోట "ఇది ప్రతిసారీ అడుగుతున్నారు" అని రాసుంది, ఇంకోచోట "ఇక్కడ లెక్క తప్పు పడింది, మళ్ళీ వేసి చూడు" అని ఉంది. కాగితం తీసుకుని వేసి చూశాను, నిజంగానే తప్పు. యాప్‌లో అదే లెక్కని పసుపు రంగు వేసి బట్టీపట్టాను నేను! పరీక్ష హాల్లో ఒక రూల్ ఎంతకీ గుర్తు రాలేదు, కానీ అది ఎడమ పేజీలో, కింద, టేబుల్ అయిపోయిన తర్వాత, ఆవిడ పెట్టిన పెద్ద ప్రశ్నార్థకం పక్కన ఉందని కళ్ళ ముందు కనపడింది, ఆ చోటు పట్టుకుంటే వాక్యం దానంతటదే వచ్చేసింది. ఫోన్‌లో పైకి జరిగిపోతూ ఉండే అక్షరాలకి అలాంటి చోటు ఉండదు, అక్షరం సైజు కాస్త పెంచితే పేజీయే మారిపోతుంది. పరీక్ష పాసయ్యాను, ఆ పుస్తకం నా తర్వాత ఇంకో అమ్మాయికి ఇచ్చాం.

ఇది నా ఒక్కదాని అనుభవం అనుకోవద్దు. 2000 నుంచి 2017 మధ్య వచ్చిన 54 అధ్యయనాలు, లక్షా డెబ్బై వేలమందికి పైగా చదివినవాళ్ళ వివరాలు, అన్నీ కలిపి 2018లో ఒక పరిశోధన వచ్చింది. విషయం తెలుసుకోవడానికి చదివేవి, టైమ్ పెట్టుకుని చదివేవి కాగితం మీదే బాగా అర్థమవుతున్నాయని తేలింది, కథల దగ్గర మాత్రం పెద్ద తేడా లేదు. కొత్త తరానికి స్క్రీన్ అలవాటే, వాళ్ళకి ఈ బాధ ఉండదు అని అంటుంటారు కదా, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ తేడా తగ్గకపోగా పెరిగిందని కూడా అందులోనే ఉంది. స్వీడన్ ప్రభుత్వం 2023లో స్కూళ్ళలో అచ్చు పాఠ్యపుస్తకాలు కొనడానికి విడిగా డబ్బు కేటాయించింది, చదువులో ట్యాబ్‌లు, కంప్యూటర్లు బాగా వాడి చూసిన దేశం అది, వాళ్ళే వెనక్కి వస్తున్నారంటే ఆలోచించాలా వద్దా?

ఇంక యాప్‌లు మూసేయడం అంటారా, చిన్న కంపెనీలే కాదు పెద్దవాళ్ళూ చేస్తారు. మైక్రోసాఫ్ట్ 2019లో తన ఈబుక్ స్టోర్ మూసేసినప్పుడు కొన్నవాళ్ళ పుస్తకాలన్నీ పోయాయి, డబ్బు వెనక్కి ఇచ్చారు, నోట్స్ రాసుకున్నవాళ్ళకి ఇంకో 25 డాలర్లు కలిపారు. నోట్స్‌కి అంతే ఖరీదు! అంతకుముందు 2009లో అమెజాన్ వాళ్ళు కిండిల్స్‌లోంచి, అంటే ఈబుక్స్ చదువుకోవడానికి వాళ్ళే అమ్మే మెషీన్లలోంచి, జార్జ్ ఆర్వెల్ పుస్తకాలు రెండు చెప్పాపెట్టకుండా తీసేశారు, అమ్మినవాళ్ళకి హక్కులు లేవట. తర్వాత క్షమాపణ చెప్పుకున్నారు, అది వేరే సంగతి. కానీ ఏ పుస్తకాల షాపువాడైనా రాత్రిపూట మన ఇంట్లోకొచ్చి అలమరలోంచి పుస్తకం తీసుకుని బల్ల మీద డబ్బులు పెట్టిపోతే ఊరుకుంటామా? బటన్ మీద "కొనండి" అని ఉంటుంది, కింద ఎవరూ చదవని షరతుల్లో మాత్రం చదువుకోవడానికి అనుమతి ఇస్తున్నాం అంతే అని ఉంటుంది, దీనిమీద ఎవరూ గట్టిగా మాట్లాడరెందుకో నాకు అర్థం కాదు.

ఇంగ్లండ్‌లో 1086లో భూములు, పశువులు అన్నీ లెక్కలు తీసి రాయించిన డూమ్స్‌డే బుక్ ఉంది కదా, దానికి 900 ఏళ్ళు నిండాయని 1986లో బీబీసీ వాళ్ళు అలాంటిదే కొత్తది చేసి లేజర్ డిస్కుల్లో పెట్టారు. ఇరవై ఏళ్ళు కాకముందే ఆ డిస్కులు చదివే మెషీన్లు దొరకడం గగనమైపోయి, దాన్ని బతికించడానికి విడిగా ప్రాజెక్టులు పెట్టాల్సొచ్చింది. తోలు మీద చేత్తో రాసిన పాతది ఇప్పటికీ తెరిచి చదవొచ్చు, లాటిన్ వస్తే చాలు. అది అచ్చు పుస్తకం కాదనుకోండి, కానీ చదవడానికి మధ్యలో ఇంకో మెషీన్ అక్కర్లేకపోవడం అనేది రెండిటికీ ఒకటే.

పేపర్ విషయంలోనూ అంతే, పొద్దున అచ్చయిన హెడ్డింగ్ సాయంత్రానికి మారదు. తప్పు రాస్తే మర్నాడు సవరణ వేసుకోవాల్సిందే, పాత కాపీ ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉంటుంది. వెబ్‌సైట్‌లో అయితే గప్‌చుప్‌గా మార్చేసి, ముందు నుంచీ అలాగే ఉందన్నట్టు కూర్చుంటారు.

అలాగని ఫోన్‌లో చదవొద్దని నేను అనట్లేదు. చూపు తగ్గినవాళ్ళకి అక్షరాలు పెద్దవి చేసుకోవడం, చూపు లేనివాళ్ళకి ఫోన్ చదివి వినిపించడం చాలా గొప్ప సౌకర్యం, ఒక మాట ఎక్కడుందో వెతకాలన్నా ఫోనే మేలు. పబ్లిషర్లు కూడా కొంచెం సిగ్గుపడాలి. ఇప్పుడొచ్చే పుస్తకాలు కుట్టకుండా జిగురుతో అతికించేస్తున్నారు, రెండుసార్లు పూర్తిగా తెరిస్తే పేజీలు ఊడి చేతికొస్తాయి, కాగితం కొన్నాళ్ళకే పచ్చబడిపోతుంది, వెనక ఇండెక్స్ వేయడం మానేశారు, అక్షరాలు చీమల్లా ఉంటాయి. మనిషి దాచుకునే వస్తువు అమ్ముతూ పారేసే వస్తువులా తయారుచేస్తే, జనం పీడీఎఫ్‌ల వైపు పోతున్నారని ఏడవడంలో అర్థం లేదు.

మీరు అడిగారు కాబట్టి నేను పాటించేది చెప్తాను. ఒకసారి చదివి వదిలేసే నవలలు, రోజువారీ వార్తలు ఫోన్‌లోనే చదువుతాను. గీతలు పెట్టుకుని, మళ్ళీ మళ్ళీ తిప్పి, పనికోసం చదవాల్సినవి మాత్రం అచ్చులోనే కొంటాను, వీలైతే కుట్టు బైండింగ్ చూసి. ఇప్పటికే ఏదైనా యాప్‌లో నోట్స్ రాసుకున్నవాళ్ళు సెట్టింగ్స్‌లోకెళ్ళి వాటిని బయటికి తీసే ఆప్షన్ ఉందేమో ఈ రోజే చూడండి, ఉంటే ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టుకోండి, లేకపోతే స్క్రీన్‌షాట్‌లైనా తీసుకోండి.