లేజర్ తర్వాత కన్ను: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: వయసు 24. రెండు కళ్లకూ మైనస్ 6 సైటు. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మందం 490 మైక్రాన్లు. ఒక డాక్టరు లాసిక్ చేయొచ్చన్నారు, ఇంకొకరు పీఆర్‌కే అయితేనే అన్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: రెండూ కార్నియాను లేజర్‌తో చెక్కి సైటు తగ్గించే పద్ధతులే. లెక్క కట్టి చూడండి. లాసిక్‌లో ముందు సుమారు 110 మైక్రాన్ల మందాన ఫ్లాప్ (మూతలాంటి పలచటి పొర) లేపుతారు. దాని కింద, 6.5 మిల్లీమీటర్ల వెడల్పున, ఒక్కో పవర్‌కు 14, 15 మైక్రాన్ల చొప్పున లేజర్ తీసేస్తుంది. మైనస్ 6కి దాదాపు 90. మిగిలేది 290. ఫ్లాప్‌ను మళ్లీ కప్పినా పాత బలం రాదు, అందుకే దాన్ని ఈ లెక్కలో కలపరు. 250కి తగ్గకూడదన్నది పాత హద్దు. ఇప్పుడు చాలామంది సర్జన్లు 300 ఉండాలంటారు. పీఆర్‌కేలో ఫ్లాప్ లేదు, పైపొర గీకి లేజర్ వేస్తారు. గీకేసిన పైపొర వారంలోపే తిరిగి పెరుగుతుంది కాబట్టి అడుగున మందం ఎక్కువ మిగులుతుంది. బదులుగా మూడు నాలుగు రోజులు గట్టిగా నొప్పి, చూపు కుదురుకోడానికి వారాలు. మీ పవర్‌కు మసక మచ్చ వచ్చే వీలుంది, దాన్ని ఆపడానికి మైటోమైసిన్ అనే మందు వాడతారు. తర్వాత స్టెరాయిడ్ చుక్కలు వేసుకున్నన్నాళ్లూ కంటి ఒత్తిడి చూపించుకోవాలి.

అసలు మందం కన్నా ఆకారం ముఖ్యం. టోపోగ్రఫీలో (కార్నియా ఆకారాన్ని మ్యాప్‌గా చూపే స్కాన్) కార్నియా కింది భాగం ఉబ్బెత్తుగా కనిపిస్తే పీఆర్‌కే కూడా వద్దు. ఇంట్లో ఎవరికైనా కెరటోకోనస్ (కార్నియా పలచబడి ముందుకు ఉబికే జబ్బు) ఉన్నా, మీకు కళ్లు నలిపే అలవాటున్నా ముందే చెప్పండి. బలం చాలని కార్నియా నెలలకో ఏళ్లకో ముందుకు ఉబుకుతుంది, పోయిన ఆకారం పూర్తిగా తిరిగి రాదు. అలాంటివారికి కంటి లోపల అమర్చే లెన్సు, ఐసీఎల్ గురించి అడగడం మేలు. ఇంకో మాట: స్కాన్‌కు ముందు మెత్తటి లెన్సులు కనీసం వారం, గట్టివి మూడు నాలుగు వారాలు మానకపోతే ఆ మ్యాప్‌ను నమ్మలేం.

ప్రశ్న: లాసిక్ అయి నాలుగు నెలలు. పగలు 6/6 కనిపిస్తోంది. రాత్రి దీపాల చుట్టూ వలయాలు, పొద్దున లేవగానే ఇసుక పడ్డట్టు గరగర. ఆపరేషన్ చెడిందా?

జవాబు: చెడిందనలేం. ఫ్లాప్ కోసేటప్పుడు కార్నియా నరాలు తెగుతాయి. కన్నీరు తగ్గుతుంది, రెప్పలు వేయడమూ తగ్గుతుంది. చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలో సర్దుకుంటుంది, కొందరికి మిగిలిపోతుంది. రోజుకు నాలుగుసార్లకు మించి కృత్రిమ కన్నీటి చుక్కలు వేస్తుంటే ప్రిజర్వేటివ్ లేనివే వాడండి. రెప్ప వేయగానే వలయం తగ్గితే కారణం పొడిదనమే. తగ్గకపోతే మిగిలిన పవర్ చూపించుకోండి. చీకట్లో కంటిపాప లేజర్ పడిన మేర దాటి విచ్చుకునేవారికి వలయాలు వస్తాయి, వీటికి చుక్కలతో పని జరగదు. రెండోసారి లేజర్‌కు తొందరపడొద్దు, పవర్ నిలకడయ్యాకే. మైనస్, సిలిండర్ (వంపు అన్ని వైపులా సమంగా లేక వచ్చే పవర్) రెండూ పెరుగుతుంటే మాత్రం వెంటనే టోపోగ్రఫీ చేయించాలి. కార్నియా ఉబుకుతోందని తేలితే క్రాస్‌లింకింగ్‌తో (కార్నియాను గట్టిపరిచే చికిత్స) నిలపవచ్చు.

ప్రశ్న: 41 ఏళ్లు. లేజర్ చేయించుకుంటే చత్వారం రాదా?

జవాబు: వస్తుంది. చత్వారం లోపలి కటకానిది, లేజర్ కార్నియాకు. పైగా మైనస్ ఉన్నవారు ఇప్పుడు జోడు తీసి చదువుతుంటారు, ఆ సుఖం పోతుంది. చేయించుకుంటే పాత పవర్, కార్నియా కొలతల కాగితం దాచండి. రేపు శుక్లం ఆపరేషన్‌లో లెన్సు పవర్ లెక్కకు అది పనికొస్తుంది. పలచబడ్డ కార్నియాపై కంటి ఒత్తిడి తక్కువగా చూపిస్తుంది కనుక, నీటికాసుల పరీక్షకు వెళ్లినప్పుడు లేజర్ సంగతి మీరే చెప్పాలి.