30 వేలలో స్టీరియో రికార్డింగ్: ఏ మైకులు కొనాలి?

ప్రశ్న: మా అబ్బాయి విజయవాడలో బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం. సౌండ్ ఇంజినీర్ అవుతానంటున్నాడు. స్నేహితుల కచేరీ బృందాన్ని (గాత్రం, వయొలిన్, మృదంగం, ఘటం) రికార్డు చేయడానికి మంచి కండెన్సర్ మైకు అడుగుతున్నాడు. 30 వేలు దాటి పెట్టలేను. కొనివ్వమంటారా?

జవాబు: కొనివ్వండి. కానీ ఒక ఖరీదైన మైకు వద్దు, జత కొనండి. గాయకుల ఫొటోల్లో కనిపించే పెద్ద మైకు ఒక్క గొంతుకు బాగుంటుంది. బృందంలో ఎవరు ఏ పక్కన కూర్చున్నారో వినిపించాలంటే ఒకే రకం మైకులు రెండుండాలి. పెన్సిల్‌లా సన్నగా ఉండే చిన్న డయాఫ్రమ్ (శబ్దానికి కదిలే పలుచటి పొర) కార్డియాయిడ్ (ముందు నుంచి వచ్చే శబ్దాన్ని ఎక్కువగా, వెనక శబ్దాన్ని తక్కువగా పట్టే) రకం చూడండి. పక్కల నుంచి వచ్చే శబ్దాన్ని కూడా ఇవి పెద్దగా మార్చకుండా పట్టుకుంటాయి.

రోడ్ ఎం5 జత మీ బడ్జెట్‌కు సరిపోవచ్చు. దాని సొంత రొద (మైకు తనంతట తానే పుట్టించే సన్నని హోరు) 19 డెసిబెల్స్; పై మెట్టు ఎన్‌టీ5కి 16. తంబురా ఒక్కటే మోగేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది గానీ మృదంగం అందుకున్నాక ఎవరికీ పట్టదు. ఇంకా తగ్గాలంటే బెరింజర్ సీ-2 జత ఉంది. డబ్బంతా మైకులకే పెట్టేయకండి. 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కేబుల్ ద్వారానే మైకుకు అందే కరెంటు), రెండు మైకు ఇన్‌పుట్లు ఉన్న ఇంటర్‌ఫేస్ (మైకులను కంప్యూటర్‌కు కలిపే పెట్టె, బెరింజర్ యూఎంసీ202హెచ్‌డీ లాంటిది), ఎత్తయిన స్టాండు, స్టీరియో బార్ (రెండు మైకులను ఒకే స్టాండుకు బిగించే పట్టీ), రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైకు) కేబుళ్లు కూడా కావాలి. యూఎస్‌బీ మైకులు రెండు కొంటే చౌక కదా అనుకోవద్దు. దేని గడియారం దానిదే కాబట్టి పాట సాగేకొద్దీ రెండూ ఒకదానికొకటి తప్పుకుంటాయి.

అమర్చడానికి ఓఆర్‌టీఎఫ్ పద్ధతితో మొదలుపెట్టమనండి: మైకుల మూతుల మధ్య 17 సెంటీమీటర్లు, మూతులు బయటివైపుకు తిరిగి రెండింటి మధ్య కోణం 110 డిగ్రీలు. బృందానికి ఆరేడు అడుగుల ముందు, ఐదారు అడుగుల ఎత్తున, కొద్దిగా కిందికి వంచి పెట్టాలి. హాలు బాగా మార్మోగుతుంటే దగ్గరికి జరగాలి. అప్పుడు అంచుల్లో కూర్చున్నవాళ్లు మరీ పక్కలకు లాగినట్టు వినిపిస్తారు. దానికి విరుగుడు ఎక్స్‌వై అనే అమరిక: మూతులు ఒకదానిపై ఒకటి, 90 డిగ్రీలు. మృదంగం కుడి ముఖం సాధారణంగా సభ వైపే ఉంటుంది కాబట్టి ఆ వాయిద్యం మిగతావాటిని మింగేస్తుంది. ఫేడర్‌తో (ట్రాకు స్థాయిని పెంచి తగ్గించే మీటతో) దీన్ని సరిచేయలేం. ఉన్నవి రెండే ట్రాకులు, రెండింట్లోనూ అందరూ ఉంటారు. మృదంగాన్ని రెండడుగులు వెనక్కి జరపడమే మందు. 24 బిట్‌లో, అత్యధిక స్థాయి మీటరుపై మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా రికార్డు చేయాలి. ఫ్యాన్లు ఆపాలి. మన కోస్తా తేమకు కండెన్సర్ మైకులు చిటపటలాడతాయి, డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి.

ఇక చదువు సంగతి. పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐ అనే ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్లలో సౌండ్‌కు మూడేళ్ల కోర్సులున్నాయి, వాటికి డిగ్రీ కావాలి. కాబట్టి బీఎస్సీ మధ్యలో మానేయడమన్న మాటే రానివ్వకండి. ధ్వని, తరంగాలు, ఎలక్ట్రానిక్స్ అతనికి అక్కడా పనికొస్తాయి. సినిమా, టీవీ, లైవ్ షోలలో పని దొరుకుతుంది గానీ తొలి ఏళ్లు సహాయకుడిగా, తక్కువ డబ్బుకే. కచేరీ రికార్డింగ్ ఒక్కటే నమ్ముకుంటే ఇల్లు గడవడం కష్టం.

జత రాగానే, వాపసు గడువు లోపే ఒక పరీక్ష చేయమనండి. రెండు మైకులూ పక్కపక్కనే ఒకే దిక్కుకు పెట్టి, మూడడుగుల దూరం నుంచి మాట్లాడి, స్థాయిలు సమానం చేసి, ఒక ట్రాకు పొలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) రెండూ మోనోలో (ఒకే ట్రాకుగా) కలపాలి. మాట దాదాపు మాయమైతే జత కుదిరినట్టు. గట్టిగానే మిగిలితే, కేబుళ్లు, ఇన్‌పుట్లు అటూ ఇటూ మార్చి చూసినా అదే తీరైతే, వెనక్కి పంపేయండి.