ముందు ఫొటో, తర్వాతే చీపురు

అల్లుడికి ఆశీస్సులు.

మీ ఇంట్లోకి వచ్చిన వరద నీళ్లు తీశాయనీ, అక్క, అదే మీ అమ్మ, అప్పుడే చీపురు పట్టిందనీ విన్నాను. ఆ చీపురును ఓ గంట పక్కన పెట్టించు. వరద వచ్చిన ఇంట్లో తొందరపడాల్సిన పనులు కొన్ని, నెలల తరబడి ఆగాల్సిన పనులు కొన్ని ఉంటాయి. జనం వాటిని సరిగ్గా తారుమారు చేస్తారు. బురదను ఎండేదాకా వదిలేసి, గోడ ఆరకముందే రంగు వేయిస్తారు. ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పడానికి వారం ఆగి, వాళ్లు పంపిన కాగితం మీద మాత్రం చదవకుండా సంతకం పెడతారు.

అన్నిటికంటే ముందు కరెంటు సంగతి చూడు. మెయిన్ తీయాలంటే తడి నేల మీద నిలబడాల్సి వస్తే దాన్ని ముట్టుకోవద్దు. 1912కి ఫోన్ చేసి లైన్‌మన్‌తో స్తంభం దగ్గరే తీయించు. ఇన్వర్టర్ సంగతి అందరూ మరిచిపోతారు. వీధంతా కరెంటు పోయినా అది బ్యాటరీ నుంచి ఇంటి వైరింగులోకి 230 వోల్టులు పంపుతూనే ఉంటుంది. దాన్ని ఆపి, బ్యాటరీ వైర్లు విప్పించాకే లోపల తిరగండి. గ్యాస్ సిలిండర్ నీళ్లలో తేలి పక్కకు ఒరిగి ఉంటే రెగ్యులేటర్ తీసి బయట పెట్టు. వాసన వస్తే అగ్గిపుల్ల గీయడం కాదు, 1906కి ఫోన్ చెయ్యి. కాళ్లకు గమ్ బూట్లు, చేతిలో కర్ర ఉండాలి. బీరువా కింద, తడి బట్టల కుప్పలో పాములు, తేళ్లు చేరి ఉంటాయి. ఎవరికైనా కాటు పడితే కోయడం, కట్టు కట్టడం పెట్టుకోక నేరుగా తిరుపతి రుయా ఆసుపత్రికి తీసుకెళ్లు.

ఇక ఫొటోలు. వీధి నుంచి మొదలుపెట్టి డోర్ నంబరు కనబడేలా తీస్తూ లోపలికి రా. ప్రతి గదినీ నాలుగు మూలల నుంచీ తియ్యి. గోడ మీద నీళ్లు నిలిచిన గీత ఉంటుంది. టేపును నేల నుంచి ఆ గీత దాకా ఆనించి, అంకెలు చదవగలిగేంత దగ్గరగా ఫొటో తియ్యి. క్లెయిమ్‌లో దానికి ఉన్న విలువ ఇంకే ఫొటోకూ లేదు. నష్టం లెక్కకట్టడానికి కంపెనీ పంపే సర్వేయర్ వచ్చేసరికి మీరు గోడ కడిగేసి ఉంటారు, గీత ఉండదు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, టీవీ, మోటార్ వెనక చిన్న రేకు ఉంటుంది చూడు, మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఉన్నది. బురద తుడిచి దాన్నీ తియ్యి. బిల్లు దొరకని వస్తువుకు అదే సాక్ష్యం. తర్వాత ఒక వీడియో తీస్తూ తేదీ, గది పేరు, వస్తువు పేరు నోటితో చెబుతూ నడువు. అన్నీ అదే రోజు వాట్సాప్‌లో ఇంకొకరికి పంపు, ఫోన్ పోయినా మిగులుతాయి.

అదే రోజు కంపెనీకి తెలియజెయ్యి. టోల్ ఫ్రీ నంబరుకు చెప్పి క్లెయిమ్ నంబరు తీసుకో. ఫోన్‌తో ఆగకుండా ఈమెయిల్ కూడా పెట్టు: పాలసీ నంబరు, చిరునామా, నీళ్లు వచ్చిన తేదీ, ఎంత ఎత్తు, ఏమేం తడిశాయి, నాలుగు లైన్లు చాలు. ఏజెంటుకు చెప్పినంత మాత్రాన కంపెనీకి చెప్పినట్టు కాదు. నీది భారత్ గృహ రక్ష (ఇళ్లకు కంపెనీలు అమ్మే ప్రామాణిక ఇన్సూరెన్స్) పాలసీ అయితే, నష్టం చూసిన రోజు నుంచి 30 రోజుల్లో క్లెయిమ్ ఫారం ఇవ్వాలి.

పాలసీ లేదని బావ, అదే మీ నాన్న, అంటున్నాడంటే నేను నమ్మను. ఇంటి మీద లోన్ ఉంది కదా, బ్యాంకులు లోన్ ఇచ్చేటప్పుడు చాలాసార్లు ఇంటికి ఇన్సూరెన్స్ చేయించి ప్రీమియం ఖాతాలోంచే తీసుకుంటాయి. బ్యాంకుకు వెళ్లి కాపీ అడుగు. అయితే రెండు విషయాలు చూడు. మనిషి పోతే లోన్ కట్టే పాలసీ వేరు, ఇంటిది వేరు; రెండూ ఒకటే అనుకుని మోసపోకు. ఇంటిదే అయితే కట్టడానికి మాత్రమే చేశారా, సామాన్లకూ ఉందా అని చూడు. లోన్ ఉన్న ఇంటికి వచ్చే డబ్బు ముందు బ్యాంకుకు వెళ్లే షరతు ఉండొచ్చు. రిపేరుకు ఆ డబ్బు కావాలని మేనేజర్‌కు ముందే అర్జీ పెట్టుకో.

2021 ఏప్రిల్ నుంచి అమ్మే భారత్ గృహ రక్షలో వరద నష్టం ఉంటుంది. కట్టడానికీ, సామాన్లకూ కలిపి తీసుకుని ఉంటే, కట్టడానికి చేసిన మొత్తంలో 20 శాతం, 10 లక్షలు మించకుండా, సామాన్లకు తనంతట తానే వర్తిస్తుంది. విడిగా జాబితా ఇవ్వక్కర్లేదు. శిథిలాలు తొలగించడానికి క్లెయిమ్‌లో 2 శాతం దాకా, ఇంజనీరు ఫీజుకు 5 శాతం దాకా వస్తుంది. ఇల్లు ఉండటానికి పనికిరాకపోతే వేరే చోట కట్టిన అద్దె కూడా అడగొచ్చు. ఇది చాలామంది అడగకుండా వదిలేస్తారు. నగదు రాదు. నగలు విడిగా చేర్చి ఉంటేనే వస్తాయి. మేడ మీద అద్దెకున్నవాళ్ల సామాన్లకు వాళ్ల పాలసీయే దిక్కు, మీది పనికిరాదు.

సర్వేయర్ వచ్చేదాకా బురదలో కూర్చోమని కాదు. నష్టం పెరగకుండా చూసుకోవడం పాలసీదారుడి బాధ్యతని పాలసీలోనే రాసి ఉంటుంది. ఫొటోలు అయ్యాక కడుక్కోండి, కానీ పాడైన వస్తువుల్ని చెత్తబండికి వేయకండి. పరుపులు, ప్లైవుడ్ అల్మారాలు, ఫ్రిజ్, మోటార్ అన్నీ మిద్దె మీదో, వాకిట్లోనో ఒక పక్కన పేర్చు. కుళ్లి వాసన కొట్టే పరుపు లాంటివి ఉంచుకోలేకపోతే "ఆరోగ్యం కోసం ఫలానా రోజు పారేస్తున్నాం" అని ఫొటోతో ఈమెయిల్ పెట్టి, ఓ ముక్క కోసి దాచి, మిగతాది పారెయ్యి. పాత చెమ్మ వేరు, వరద చెమ్మ వేరని సర్వేయర్ లెక్క తీస్తాడు. ఇటుక గోడ నీటిని పైకి లాగుతుంది కాబట్టి గీత కంటే అడుగు, రెండడుగుల పైదాకా సిమెంటు పూత చెడుతుంది. గోడను వేలి కణుపుతో తట్టు. బోలుగా మోగిన చోటల్లా పూత గోడను వదిలేసిందని అర్థం. ఆ హద్దును చాక్‌పీస్‌తో గీసి సర్వేయర్‌కు చూపించు. లేకపోతే గీత వరకే రాసుకుని పోతాడు.

బురదను తడిగా ఉండగానే పారతో, రబ్బరు తుడుపుతో తోసెయ్యండి. ఎండితే గట్టిగా పట్టుకుంటుంది. ఆ తర్వాత గోడ పైనుంచి కిందికి మంచి నీళ్లతో కడిగి, చివర్లో బ్లీచింగ్. 10 లీటర్ల నీళ్లకు 150 గ్రాముల పొడి కలిపి, మడ్డి కిందికి దిగాక పైతేట వాడండి. బురద మీదే బ్లీచింగ్ చల్లితే దాని శక్తి అంతా బురదకే పోతుంది, డబ్బు దండగ. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌ను దానితో కలపనివ్వకు. క్లోరిన్ వాయువు లేస్తుంది, మూసిన గదిలో మనిషి పడిపోతాడు.

సంపు దగ్గర జాగ్రత్త. శుభ్రం చేయాలని మొదటి రోజే మోటార్ పెట్టి ఖాళీ చేయకండి. 2021 నవంబరు వానలకు తిరుపతి శ్రీకృష్ణనగర్‌లో భూమిలో ఉన్న సిమెంటు రింగుల నీళ్ల తొట్టి, శుభ్రం చేస్తుండగానే, నేల మీదికి లేచి వచ్చింది. నేలంతా నీళ్లతో నిండినప్పుడు ఆ నీరు తొట్టిని అడుగు నుంచి పైకి తోస్తుంది. లోపలి నీటి బరువే దాన్ని అణచిపెట్టి ఉంచుతుంది. వెయ్యి లీటర్లు తీస్తే టన్ను బరువు తీసినట్టే. కాబట్టి చుట్టూ నేల గట్టిపడి, దగ్గర బావుల్లో నీళ్లు దిగేదాకా సంపునైనా, సెప్టిక్ ట్యాంకునైనా నిండుగానే ఉంచు. పక్క అపార్ట్‌మెంటు సెల్లార్‌కూ ఇదే సూత్రం. ఒక్కరోజులో తోడేస్తే బయటి నీటి ఒత్తిడికి గోడలు లోపలికి వంగుతాయి. రోజుకు మూడో వంతు చొప్పున తోడి, మట్టం మళ్లీ పెరుగుతోందా అని గుర్తు పెట్టి చూడమను.

సంపు కడిగే రోజు వచ్చాక వెయ్యి లీటర్లకు 200 గ్రాముల బ్లీచింగ్ వేసి, రాత్రంతా ఉంచి, పారబోసి, మళ్లీ నింపు. తర్వాత రోజూ వాడే నీటికి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు చాలు. కలిపాక గంట ఆగి వాడాలి. తాగడానికి మాత్రం కొన్నాళ్లు క్యాన్ నీళ్లో, కాచినవో వాడండి. బోరు మూత మీదుగా నీళ్లు పారి ఉంటే బోరు నీళ్లనూ నమ్మొద్దు.

కరెంటు మళ్లీ ఇచ్చే ముందు ఎలక్ట్రీషియన్‌తో బోర్డులన్నీ విప్పించు. తడిసిన ఎంసీబీలు, ఆర్‌సీసీబీ (ప్రమాదం వస్తే కరెంటును తమంతట తామే ఆపే స్విచ్‌లు) ఆరబెట్టి వాడేవి కావు, మార్చాల్సిందే. లోపల చేరిన మట్టి వల్ల అవి అవసరమైనప్పుడు ట్రిప్ కావు. గోడ లోపలి పైపుల్లో బురదనీరు నిలిచి ఉంటుంది. మెగ్గర్ (వైరు తొడుగు కరెంటును ఎంత ఆపుతుందో కొలిచే మీటరు) పెట్టి చూస్తే ఒక మెగ్‌ఓమ్ కన్నా తక్కువ చూపించిన వైర్లను లాగి కొత్తవి వేయమను. ఫ్రిజ్, మోటార్ "ఒకసారి వేసి చూద్దాం" అని స్విచ్ వేయకండి. తడి వైండింగ్ అప్పుడే కాలేది. ఆరబెట్టి ఉంటే రిపేరుతో పోయేది. బావ కారు సంగతీ అంతే. సెల్ఫ్ కొట్టొద్దు, సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆ వంగడం మీ తప్పని కంపెనీ అంటుంది. టో చేయించి షెడ్డుకు పంపండి.

ఇక ఆగాల్సిన పనులు. తొమ్మిది అంగుళాల గోడ తడిస్తే ఆరడానికి నెలలు పడుతుంది. మన దగ్గర కార్తీకంలో పడే వానలకు గాలిలోనూ తేమే. సంక్రాంతికి రంగు వేయాలని అక్క పట్టుబడుతుంది, ఒప్పుకోకు, శివరాత్రి దాకా ఆగండి. పైన పుట్టీ, రంగు పడితే లోపలి తేమకు దారి మూసుకుపోయి ఉప్పు పొంగుతుంది. అప్పుడు పెచ్చులు ఊడిపడతాయి. ఆరిందో లేదో చూడాలంటే అడుగు చదరం పాలిథీన్ కవర్‌ను గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచు. లోపల చెమట పడితే గోడ ఇంకా ఆరలేదు. టేకు తలుపు ఉబ్బి బిగుసుకుంటే ఇప్పుడే చిత్రిక పట్టించొద్దు. ఆరాక సందు వస్తుంది, అప్పుడు బాధపడాలి. పార్టికల్ బోర్డు అల్మారాలకు మాత్రం ఆశ పెట్టుకోకండి.

తలుపు మూల నుంచి పైకి మెట్లు మెట్లుగా చీలిక వెళితే, అది పునాది కుంగిన గుర్తు. దాని రెండు చివర్లలో పెన్సిల్‌తో గీత, పక్కన తేదీ రాసి పెట్టు. గీత దాటి సాగుతుంటే మేస్త్రీని కాదు, ఇంజనీరును పిలువు. ఆ నివేదిక క్లెయిమ్‌కు కూడా పనికొస్తుంది.

కాగితాలు తడిసి ఉంటే ఎండలో పెట్టొద్దు. వార్తాపత్రికల మధ్య పరిచి నీడలో ఫ్యాన్ కింద ఆరబెట్టు. రిజిస్టర్డ్ డాక్యుమెంటు పాడైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు దొరుకుతుంది. ప్రభుత్వ సాయం కోసం వార్డు సచివాలయంలో నష్టాల లెక్కలో పేరు ఎక్కించుకో, రశీదుతో అర్జీ ఇవ్వు. జాతీయ నిబంధనల ప్రకారం కేంద్రం ఖరారు చేసిన 2022-26 రేట్లలో, ఇల్లు రెండు రోజులు మించి మునిగి ఉంటే బట్టలకు 2,500, పాత్రలకు 2,500 రూపాయలు. పక్కా ఇల్లు పాక్షికంగా దెబ్బతింటే 6,500. చిన్న మొత్తాలే, అయినా ఆ లెక్కలో నీ ఇల్లు ఉంటే వరద వచ్చిందని కంపెనీకి చూపడానికి అదొక సర్కారు కాగితం.

ఎస్టిమేట్ "మొత్తం రెండు లక్షలు" అని ఒక్క లైనులో తీసుకోకు. మేస్త్రీతో గది గదికీ రాయించు: ఎన్ని చదరపు అడుగుల పూత, ఎంత వైరింగ్, ఎన్ని స్విచ్‌బోర్డులు, చదరపు అడుగుకు ఎంత. సర్వేయర్ కొట్టేసే అంకె ఏదో, ఎందుకో అప్పుడు తెలుస్తుంది. పాడైన వస్తువును పాత సామాను కింద అమ్మితే వచ్చే ధరను క్లెయిమ్‌లోంచి తగ్గిస్తారు, అది సరే, కానీ తూకానికి ఎంత వస్తుందో పాత సామాన్ల దుకాణంలో అడిగి ఉంచుకో.

డబ్బు ఇచ్చేటప్పుడు వచ్చే డిశ్చార్జ్ వోచర్‌లో "పూర్తి, తుది చెల్లింపు" అని ఉంటే, మొత్తం నచ్చనప్పుడు సంతకం చేయకముందే సర్వే రిపోర్టు కాపీ రాతపూర్వకంగా అడుగు. చేయక తప్పకపోతే అభ్యంతరంతో తీసుకుంటున్నానని అక్కడే రాయి, అదే రోజు ఈమెయిల్ కూడా పెట్టు. తిరస్కరించినా, నెలలు లాగినా ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి, తర్వాత ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో గానీ 155255కి గానీ ఫిర్యాదు చెయ్యి. అప్పటికీ కదలకపోతే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ తగవులు తీర్చే అధికారి, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. ఆంధ్రప్రదేశ్‌కూ అదే ఆఫీసు. 50 లక్షల దాకా చూస్తారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి.

ఇంటి ప్లాన్ కాపీ బావ బీరువాలో ఉంటుంది, తడవకుండా ఉంటే స్కాన్ చేసి పంపు. గోడల కొలతలు తీసి పూత లెక్క నేను వేసిస్తాను. మేస్త్రీ అంకెలు వచ్చేలోపు అది నీ చేతిలో ఉండాలి.

మీ మామయ్య