చేతికి గాయం లేదు, మరి మంట ఎక్కడిది?

ప్రశ్న: మా అత్తగారికి కొన్ని నెలల క్రితం పక్షవాతం వచ్చింది. చేయి, కాలు చాలావరకు స్వాధీనంలోకి వచ్చాయి గానీ, ఇప్పుడు ఎడమ పక్కంతా మండుతోందంటున్నారు. ఫ్యాను గాలి తగిలినా, చీర చెంగు రాసుకున్నా ఓర్చుకోలేకపోతున్నారు. స్కానింగు రిపోర్టులో థలమస్ దెబ్బతిన్నదని రాశారు. అదేమిటి? ఈ మంట ఆవిడ భ్రమేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: భ్రమ కాదు. ఆవిడ చెబుతున్న బాధ నిజమైనదే. అయితే దాని మూలం చేతిలో కాక మెదడులో ఉంది.

మెదడు నడిమధ్యన కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటిగా, సుమారు 3 సెంటీమీటర్ల పొడవున, అండాకారంలో ఉండే నాడీకణాల సముదాయమే థలమస్. ఒక్క వాసనను మినహాయిస్తే, చూపు, వినికిడి, స్పర్శ, నొప్పి వంటివన్నీ మెదడు పైపొర అయిన కార్టెక్స్‌ను చేరేముందు ఇక్కడ ఆగి వెళ్లవలసిందే. శరీరపు ఎడమ సగం నుంచి వచ్చే స్పర్శ కుడి థలమస్‌కు చేరుతుంది కనుక, మీ అత్తగారికి దెబ్బతిన్నది కుడివైపుదై ఉండాలి.

వచ్చిన కబురును వచ్చినట్టే పైకి అందించే తపాలా కార్యాలయంగా థలమస్‌ను వర్ణించడం పరిపాటి. నా దృష్టిలో ఆ వర్ణన దాని పనిని బాగా తక్కువ చేస్తుంది. చూపుకు సంబంధించిన థలమస్ విభాగానికి అందే నాడీ సంధానాలలో కంటి రెటీనా నుంచి వచ్చేవి పదో వంతుకు మించవు. మిగిలినవాటిలో పెద్ద భాగం కార్టెక్స్ నుంచే వెనక్కి వస్తాయి. అంటే ఏ సంకేతాన్ని పైకి పంపాలో, దేన్ని తగ్గించాలో ఇక్కడ అనుక్షణం సవరణ జరుగుతూనే ఉంటుంది. గాఢనిద్రలో చిన్నచిన్న చప్పుళ్లు మనకు తెలియకపోవడానికి ఇదొక కారణం.

స్పర్శకు సంబంధించిన విభాగానికి రక్తప్రసరణ ఆగి అది దెబ్బతింటే, కొందరిలో వారాలు, నెలలు గడిచాక మామూలు తాకిడి, చల్లదనం కూడా మంటగా అనుభవమవుతాయి. ఫ్రెంచి వైద్యులు డెజెరీన్, రూసీ 1906లోనే దీనిని వివరించారు.

సాధారణ నొప్పి మాత్రలు దీనికి అంతగా పనిచేయవు. మూర్ఛకు, మానసిక కుంగుబాటుకు వాడే కొన్ని మందులను న్యూరాలజిస్టులు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. చీటీలో వాటి పేర్లు చూసి, ఆవిడకు ఆ జబ్బులు లేవు కదా అని మానిపించకండి. మంట పూర్తిగా పోకపోయినా, చాలామందికి కొంత ఉపశమనం దొరుకుతుంది. ఆ పక్కన వేడి కాపడం మాత్రం పెట్టవద్దు. వేడి సరిగా తెలియక చర్మం కాలే ప్రమాదముంది.