నొప్పి తగ్గకపోతే ఇంకో మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: మోకాలి ఆపరేషన్ తర్వాత ట్రమడాల్ 37.5, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు కలిసిన మాత్ర రోజుకు మూడు రాశారు. రాత్రిళ్లు నొప్పి ఆగడం లేదు. అదే మాత్ర ఇంకొకటి వేసుకోవాలా, విడిగా పారాసిటమాల్ 650 వేసుకోవాలా? ఇంత ప్రమాదమంటున్న మందుల్ని అసలు ఎందుకు నిషేధించరు?

జవాబు: ట్రమడాల్ ఉన్న మాత్రను మీ అంతట మీరు పెంచుకోకండి. మోతాదు పెరిగేకొద్దీ మూర్ఛ వచ్చే అవకాశం పెరుగుతుంది. నిద్రమాత్రలు గానీ మద్యం గానీ తోడైతే శ్వాస మందగిస్తుంది. డిప్రెషన్‌కు మందులు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. కొన్నిటితో ట్రమడాల్ కలిస్తే ఒళ్లు వణకడం, జ్వరం, గందరగోళం వస్తాయి. కొందరి కాలేయం ట్రమడాల్‌ను మరీ వేగంగా బలమైన పదార్థంగా మార్చేస్తుంది. అలాంటివాళ్లకు మామూలు మోతాదే ఎక్కువైపోతుంది. అది పైకి చూసి తెలుసుకోలేం.

ఇక పారాసిటమాల్ లెక్క. మూడు మాత్రల్లో 975. ఒక 650 కలిపితే 1,625. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు హద్దు 4,000 మిల్లీగ్రాములు. కాలేయ జబ్బున్నా, తాగే అలవాటున్నా, బరువు బాగా తక్కువైనా హద్దు ఇంకా తక్కువ. ఇవేవీ లేకపోతే డాక్టరుతో ఒక మాట చెప్పి రాత్రి 650 వేసుకోవచ్చు. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది, పట్టీ వెనక చదవండి. ఎక్కువ మోతాదు పడ్డా మొదటి రోజు వికారం తప్ప పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు. కాలేయం లోపల దెబ్బతింటూ ఉంటుంది. విరుగుడైన ఎసిటైల్‌సిస్టీన్ 8 గంటల్లోపు ఇస్తే బాగా పనిచేస్తుంది కాబట్టి లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

నిషేధం సంగతి. మోతాదుతో, నిఘాతో హానిని అదుపు చేయగలమా అన్నదే మా దృష్టిలో అసలు ప్రశ్న. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో పారాసిటమాల్ కలిసిన ప్రిస్క్రిప్షన్ మాత్రల్ని ఆపలేదు, ఒక్కో మాత్రలో 325కి మించొద్దంది. 2014లో అక్కడ ట్రమడాల్‌ను నియంత్రిత మందుల జాబితాలో చేర్చారు. డెక్స్‌ట్రోప్రొపాక్సిఫీన్ అనే మరో నొప్పి మందు విషయంలో ఆ దారి లేదు. మామూలు మోతాదులోనే గుండె లయను దెబ్బతీస్తోందని తేలడంతో 2010లో అక్కడ మార్కెట్ నుంచి తీసేశారు. ట్రమడాల్‌నూ అలాగే తీసేస్తే ఆపరేషన్ నొప్పితో ఉన్నవాళ్లకు మరో దారి వెతకాల్సి వస్తుంది. ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లకు పనికిరావు.