3 టీబీ డిస్క్ 746 జీబీగా ఎందుకు కనిపిస్తోంది?

ప్రశ్న: మా పాత కంప్యూటర్లో ఇంకా 32 బిట్ విండోస్ ఎక్స్‌పీనే వాడుతున్నాం. మా స్కానర్ సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో పనిచేయదు, అందుకే మార్చలేకపోతున్నాం. స్కాన్ చేసిన పాత ఫొటోలు దాచుకుందామని 3 టీబీ హార్డ్ డిస్క్ తెచ్చి లోపల బిగిస్తే 746 జీబీ మాత్రమే చూపిస్తోంది. డిస్క్ పాడైందా?

జవాబు: డిస్క్ బాగానే ఉంది, టెన్షన్ పడకండి. కానీ ఇది పూర్తిగా చదివేదాకా అందులోకి ఒక్క ఫొటో కూడా కాపీ చేయొద్దు.

మీ డిస్క్ తన చోటును 512 బైట్ల చిన్న ముక్కల (సెక్టార్ల) లెక్కన కంప్యూటర్‌కు చూపిస్తుంది, ఒక్కో సెక్టారుకూ ఒక నంబరు. డిస్క్‌ను భాగాలుగా (పార్టిషన్లుగా) విడదీసి గుర్తుపెట్టుకోవడానికి ఎక్స్‌పీకి తెలిసిన పాత పద్ధతి ఎంబీఆర్. అందులో ఆ నంబరు రాయడానికి 32 బిట్ల చోటే ఉంది, అంటే దాదాపు 429 కోట్ల సెక్టార్లు, విండోస్ లెక్కలో 2048 జీబీ. కంపెనీ 1000 చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కపెడతాయి కాబట్టి మీ 3 టీబీ అదే విండోస్ లెక్కలో 2794 జీబీ అవుతుంది. అందులోంచి 2048 తీసేస్తే మిగిలేది సరిగ్గా మీకు కనిపిస్తున్న 746! పాత బండి మీటరు 99999 దాటాక మళ్లీ సున్నా నుంచి తిరిగినట్టు, ఇక్కడ డిస్క్‌ను నడిపే పాత సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) కూడా 32 బిట్లతోనే లెక్కపెడుతూ 2048 దగ్గర లెక్క మళ్లీ మొదలుపెట్టింది.

చోటు తక్కువగా కనిపించడం చిన్న సమస్యే. నాకు అసలు భయం ఇంకో చోట ఉంది. ఇదే డిస్క్‌ను కొత్త కంప్యూటర్లో పూర్తి 3 టీబీకి ఫార్మాట్ చేసి, తర్వాత 32 బిట్లకు మించి లెక్కపెట్టలేని పాత యూఎస్‌బీ డబ్బాలో (డిస్క్‌ను బయటి నుంచి తగిలించే ఎన్‌క్లోజర్‌లో) పెట్టి వాడారనుకోండి, 2048 జీబీ దాటాక రాయాల్సిన ఫైల్ కొన్నిసార్లు డిస్క్ మొదట్లోకి వెళ్లి పడుతుంది, అక్కడే ఫైళ్ల పట్టిక, మీరు ముందు దాచిన ఫొటోలు ఉంటాయి. ఎర్రర్ ఏమీ రాదు, కాపీ అయిపోయిందనే చూపిస్తుంది, ఏదో ఒకరోజు ఫోల్డర్ తెరవబోతే తెరుచుకోదు.

మీ స్థానంలో నేనైతే ఆ 3 టీబీ డిస్క్‌ను ఎక్స్‌పీ నుంచి తీసేసి, కాస్త కొత్త కంప్యూటర్లో జీపీటీ (ఎంబీఆర్ తర్వాత వచ్చిన, పెద్ద డిస్క్‌లను లెక్కపెట్టగల) పద్ధతిలో ఫార్మాట్ చేసి అక్కడే ఉంచుతాను. స్కానర్ కంప్యూటర్‌కు 2 టీబీ లేదా అంతకన్నా చిన్న డిస్క్ చాలు, అందులోకి స్కాన్ చేసి, వారానికోసారి పెద్దదానిలోకి మార్చుకోవచ్చు. ఆ చిన్న డిస్క్‌ను కూడా కొత్త విండోస్‌లోనే ఎంబీఆర్ ఎంచుకుని పార్టిషన్ చేయండి. ఎక్స్‌పీ పార్టిషన్‌ను 63వ సెక్టారు నుంచి మొదలుపెడుతుంది, ఇప్పటి డిస్క్‌లు బయటికి 512 అని చూపించినా లోపలి సెక్టార్లు 4096 బైట్లవి కాబట్టి ఆ హద్దులు కలవక రాయడం బాగా నెమ్మదిస్తుంది.

జీపీటీ డిస్క్‌ను పొరపాటున మళ్లీ ఎక్స్‌పీకి తగిలిస్తే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ‘జీపీటీ ప్రొటెక్టివ్ పార్టిషన్’ అని కనిపిస్తుంది. దాన్ని కదపకుండా డిస్క్ తీసేయండి చాలు.

కొన్ని పెద్ద ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లు ఎక్స్‌పీలో పూర్తిగా పనిచేయడం మీరు చూసే ఉంటారు. వాటి డబ్బాలోని సర్క్యూట్ సెక్టారు 4096 బైట్లని చెబుతుంది, దాంతో హద్దు ఎనిమిది రెట్లు పెరుగుతుంది. ఇది పనికొచ్చే దారే, కాకపోతే ఆ డబ్బా పాడై డిస్క్‌ను నేరుగా కంప్యూటర్‌కు తగిలిస్తే పార్టిషన్ కనిపించదు, కాబట్టి ఇంకో కాపీ లేకుండా దాన్ని నమ్ముకోవద్దు.

ఇంకో మాట, ఎక్స్‌పీకి సెక్యూరిటీ అప్‌డేట్లు 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయాయి. ఆ కంప్యూటర్‌ను స్కానింగ్‌కే ఉంచి, ఇంటర్నెట్ కేబుల్ పీకేయండి.

ప్రశ్న: విండోస్ 7లో కూడా ఇదే ఇబ్బందా?

జవాబు: లేదు. ఫైళ్లు దాచుకునే డిస్క్ అయితే జీపీటీగా మార్చి ఎంత పెద్దదైనా వాడుకోవచ్చు. విండోస్‌నే ఆ డిస్క్ మీద ఇన్‌స్టాల్ చేయాలంటే మాత్రం 64 బిట్ వెర్షన్, యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన, కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఉన్న మదర్‌బోర్డు రెండూ కావాలి.