సమాధానం: బూటు మడమలో పియెజో బిళ్ల పెట్టినా బ్లూటూత్ సెన్సర్ ఆన్ కావడం లేదు

నడిచేటప్పుడు పియెజో బిళ్ల (నొక్కినా, వంచినా కరెంటు పుట్టించే బిళ్ల) నుంచి మల్టీమీటర్‌లో 20 వోల్టులు కనిపిస్తున్నా, దానికి కలిపిన సెన్సర్ ఎందుకు పనిచేయడం లేదని అడిగారు కదండీ. బిళ్లలో లోపమేమీ లేదు. చూడాల్సింది వోల్టేజీని కాదు, శక్తిని. 27 మి.మీ. బిళ్ల కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిల్వ చేసుకునే సామర్థ్యం) సుమారు 20 నానోఫారడ్లు అనుకుంటే, 20 వోల్టుల దగ్గర అందులో ఉండేది 4 మైక్రోజౌళ్లే. బ్లూటూత్‌తో ఒక్కసారి డేటా పంపాలంటేనే సుమారు 100 మైక్రోజౌళ్లు కావాలి. అంటే ఒక్క అడుగుతో అయ్యే పని కాదు, చాలా అడుగుల శక్తిని పోగు చేసుకోవాలి.

బిళ్లను సెన్సర్‌కు నేరుగా కలపకుండా మధ్యలో ఎల్‌టీసీ3588-1 చిప్ పెట్టండి, ఇలాంటి చిన్న శక్తిని పోగుచేసి అందించేందుకే అది ఉంది. బిళ్ల ఇచ్చే ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫైయర్ అందులోనే ఉంటుంది. 3.3 వోల్టుల సెట్టింగ్‌లో, శక్తిని నిల్వ చేసే ఇన్‌పుట్ కెపాసిటర్ దాదాపు 5 వోల్టులకు నిండాకే సెన్సర్‌కు కరెంటు వదులుతుంది. ఆ కెపాసిటర్ 100 మైక్రోఫారడ్లు చాలు. కానీ మామూలు ఎలక్ట్రోలైటిక్ రకం కెపాసిటర్ వద్దు, దాని లీకేజీయే (లోపలే కారిపోయే కరెంటు) మీరు పోగుచేసిందంతా తినేస్తుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. సెరామిక్‌వి కొన్ని సమాంతరంగా కలపండి.

బిళ్లలు నాలుగైదు వాడండి, ఒక్కోదానికి విడి రెక్టిఫైయర్ ఇవ్వండి. ప్రోగ్రామ్‌లో సెన్సర్‌ను ఎప్పుడూ నిద్రలోనే ఉంచి, కెపాసిటర్ నిండినప్పుడే ఒక డేటా ప్యాకెట్ పంపించండి. 1998లో అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్లు చేసిన, నడకతో కరెంటు పుట్టించే బూటు కూడా కొన్ని అడుగులకోసారే రేడియో సంకేతం పంపేది. బిళ్ల పూర్తిగా అణగడం కన్నా కొద్దిగా వంగేలా అమర్చండి, తేడా మీకే తెలుస్తుంది.